హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్: అడ్వాన్సు ఇచ్చే ముందే చూసుకోవాల్సినవి

అద్దె నియంత్రణ చట్టం తమను కాపాడుతుందని కూకట్‌పల్లి, మణికొండల్లో ఫ్లాట్ తీసుకునే చాలామంది అనుకుంటారు. 1960 నాటి ఆ చట్టం, 2005 సవరణ తర్వాత, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500 దాటిన అద్దెలకు వర్తించదు. మిగిలింది 1882 ఆస్తి బదిలీ చట్టం; అది చాలావరకు ఇద్దరూ రాసుకున్న షరతులకే విలువిస్తుంది. అందుకే అగ్రిమెంటులో ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం.

11 నెలలకే రాసేది రిజిస్ట్రేషన్ తప్పుతుందన్న నమ్మకంతో. గడువు తీరాక ఓనరు అద్దె తీసుకుంటూ పోతే అది సాధారణంగా నెలవారీ అద్దె అవుతుంది. వేరే షరతు లేకపోతే ఖాళీ చేయమనడానికి 15 రోజుల నోటీసు చాలు. పిల్లల బడి ఉన్న ఇంటికి అదేం సరిపోతుంది? రెండు నెలలని రాయించండి.

గొడవంతా అడ్వాన్సు దగ్గరే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోస్తారు. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల అద్దెదారు బాధ్యత కాదని చట్టమే చెబుతోంది. కానీ 'పెయింటింగ్‌కు ఒక నెల అద్దె' అన్న షరతుకు సంతకం పెడితే వాదన బలహీనపడుతుంది. ఆ వాక్యం కొట్టేయించండి. సామాను దించకముందే గోడల చెమ్మ, గీజరు, కుళాయిలు, కరెంటు మీటరు రీడింగు వీడియో తీసి, అదేరోజు ఓనరుకు వాట్సాప్ చేయండి. పాత కరెంటు బకాయి, వేసవి ట్యాంకర్ ఖర్చు ఎవరిదో కూడా తేల్చుకోండి.

కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం మార్చి బయటికి పంపితే, ఆరు నెలల్లోపు సివిల్ కోర్టులో దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.