ఎస్సెమ్మెస్ కన్నా గొంతే నయం

పల్లెల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు జనానికి సమాచారం చేర్చడానికి ఫోను వాడదామనుకోగానే ముందు ఎస్సెమ్మెస్ వైపు చూస్తాయి. చవక అనుకుంటారు. తెలుగులో అదేమంత చవక కాదు. ఇంగ్లిషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో పట్టేవి 70. అవీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్నా, చివరికి ఖాళీ జాగా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 6 తింటుంది. ‘రేపు ఉదయం పది గంటలకు అంగన్వాడీ కేంద్రంలో టీకాలు వేస్తారు’ అని రాస్తే 56 అయిపోయాయి. దానికి ‘కార్డు తెచ్చుకోండి’ అని చేరిస్తే 75. అంటే రెండు మెసేజీల ఖర్చు. అంతా చేసి, అందుకున్నామెకు చదువు రాకపోతే ఆ డబ్బు వృథా.

ఎస్సెమ్మెస్ పనికొచ్చే చోట్లు లేకపోలేదు. ఆఫ్రికా దేశం మలావీలోని నమిటెటెలో సెయింట్ గాబ్రియెల్స్ ఆసుపత్రి ఒక లాప్‌టాప్, ఫ్రంట్‌లైన్ ఎస్సెమ్మెస్ అనే సాఫ్ట్‌వేరు పెట్టుకుని ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలతో సమాచారం నడిపింది. అక్కడ అటూ ఇటూ ఉన్నది శిక్షణ పొందినవాళ్లు. ఊరి జనం సంగతి వేరు.

జనానికి పనికొచ్చే పద్ధతి చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోని సీజీనెట్ స్వర అనే ఫోను వార్తల సేవ చూడాలి. పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి ఆధ్వర్యంలో 2010లో మొదలైంది. మన ఆదిలాబాద్ వైపూ మాట్లాడే గోండీకి పత్రికల్లో, టీవీల్లో చోటు లేదు, ఫోనులో దొరికింది. మిస్డ్ కాల్ ఇస్తే సర్వరు తిరిగి చేస్తుంది, ఖర్చు సంస్థది. 1 నొక్కితే మన మాట రికార్డవుతుంది, 2 నొక్కితే ఇతరులవి వినొచ్చు. చేతిపంపు పాడైందనో, కూలి డబ్బులు రాలేదనో చెప్పినవాళ్లు చివర్లో సంబంధిత అధికారి ఫోను నంబరు కూడా చెబుతారు. విన్నవాళ్లు ఆయనకు ఫోన్లు చేస్తారు. ఈ పద్ధతికి ప్రాణం ఆ నంబరే. అది లేకపోతే ఫిర్యాదు ఫిర్యాదుగానే మిగిలిపోతుంది. ప్రసారానికి ముందు నిజానిజాలు కనుక్కునే మనిషి మాత్రం తప్పనిసరి. ఆ జీతాన్ని బడ్జెట్‌లో ముందే రాసుకోండి. చాలా ప్రాజెక్టులు సర్వరుకు డబ్బు పెట్టి మనిషిని మరిచిపోతాయి.

ఇక, మనమే ఫోను చేసి రికార్డు చేసిన మాట వినిపించాలంటే లైన్ల లెక్క చూడాలి. ఒక పీఆర్ఐ లైనుతో (ఒకే కనెక్షను మీద అనేక కాల్స్ నడిపే టెలిఫోను లైను) ఏకకాలంలో 30 కాల్స్ నడుస్తాయి. రెండు నిమిషాల సందేశమైతే గంటకు 900. 5,000 మంది గర్భిణులకు పంపాలంటే, ఎత్తనివాళ్లకు మళ్లీ చేయకుండానే, ఐదున్నర గంటలు. సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే చివరివాళ్లకు రాత్రి పదిన్నర. ఆ వేళ గర్భిణి ఫోను మోగితే ఇంట్లో గొడవే. పైగా అంతసేపూ లైన్లన్నీ నిండిపోయి, మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్లకు తిరిగి కాల్ వెళ్లదు. అందుకే ఊళ్లవారీగా రోజులు పంచండి, వచ్చే కాల్స్‌కు కొన్ని లైన్లు విడిగా ఉంచండి.

ఫోను ఎవరి చేతిలో ఉంటుందో పేరు నమోదు చేసేటప్పుడే అడగాలి. భర్త జేబులో ఉండి అతను పొద్దుగూకాక ఇంటికొస్తే, మధ్యాహ్నం కాల్ ఆమెకు చేరదు. ‘ఏ వేళప్పుడు చేయమంటారమ్మా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 కాల్స్ పంపే కిల్‌కారీ లాంటి ప్రభుత్వ ఆరోగ్య సందేశాల సేవకు నంబరు, నెలల లెక్క రెండూ సరిగ్గా ఉండాలి. నెల తప్పుగా రాస్తే కాన్పయిన తల్లికి కాన్పు జాగ్రత్తలు వినిపిస్తాయి. కడుపు పోయినామెకు పసిబిడ్డ కబుర్లు చెబితే అది క్రూరం. కాబట్టి కాల్స్ వెంటనే ఆపించుకునే దారి మొదటిరోజే పెట్టండి.

టచ్ ఫోన్లతో ఇంకో చిక్కుంది. చెవికి పెట్టుకోగానే తెర ఆరిపోతుంది, ‘1 నొక్కండి’ అన్నా అంకెలు కనబడవు. ‘ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, చుక్కలున్న గుర్తు నొక్కండి, అంకెలు వస్తాయి’ అని ముందే చెప్పించి, పది సెకన్లు ఆగి, మళ్లీ ఒకసారి చెప్పించండి.