ఎడమ పక్క, కుడి పక్క

ఏప్రిల్, బుధవారం. ఆత్మకూరు.

పులుల లెక్క కోసం నల్లమల అడవిలో కట్టిన కెమెరాలు ఇవి, ఎదుట ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీస్తాయి. ఎండ ఎక్కేలోపే బైర్లూటి వైపు నాలుగు చోట్ల వాటి మెమరీ కార్డులు మార్చాల్సి వచ్చింది. అడవిని రెండు చదరపు కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, గడికి ఒక జత కెమెరాలు, దారికి అటొకటి ఇటొకటి. పెద్దపులి ఎడమ పక్క చారలకూ కుడి పక్క చారలకూ పోలిక ఉండదు. ఇక్కడ ఎడమ పక్క, పైగట్టున కుడి పక్క పడితే అది ఒక పులో రెండో తేలదు.

మొదటి చోట కార్డు నిండిపోయింది. చూస్తే వేల ఫోటోల్లో ఒకటే గడ్డి దుబ్బు. ఎండకు వేడెక్కి గాలికి ఊగిన ప్రతిసారీ కెమెరా ఫోటో తీసేసింది. కొడవలితో పైపైన కోసి వదిలేస్తే ఇంతే, దుబ్బును వేళ్లతో సహా పీకేయాలి.

రెండో చోట బ్యాటరీలు మార్చినప్పుడు ఒక కెమెరా గడియారం మొదటికొచ్చింది. ఒకటి తెల్లవారుజాము అంటుంది, ఎదురుది మధ్యాహ్నం అంటుంది. అలాంటి ఫోటోలను జత కలపడం తలనొప్పి. అందుకే పలక మీద గడి నంబరు, తేదీ, టైము రాసి రెండు కెమెరాలకూ చూపించి మొదటి ఫోటో తీయాలి. రెండు నిమిషాల పని, ఎగ్గొట్టేదీ అదే.

మూడోది బండల మీద. వేసవిలో అసలు చిక్కు ఇక్కడే. ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ తేడా ఉంటేనే కెమెరాలోని సెన్సర్ కదలికను పట్టుకుంటుంది. మధ్యాహ్నం బండ కూడా పులి ఒంటంత కాగితే ఎదురుగా నడిచిపోయినా దానికి కనబడదు. నీడపట్టుకు మార్చాం. తూర్పు పడమరలకు మొహం పెట్టకూడదు, పొద్దు నేరుగా కొడుతుంది. దారి మధ్య నుంచి మూడు నాలుగు మీటర్ల దూరం, నేల నుంచి 40-45 సెంటీమీటర్ల ఎత్తు. బిగించాక చెంచు వాచర్ దారిలో మోకాళ్ల మీద పాకాడు. రెండు కెమెరాల్లోనూ ఎర్రలైటు వెలిగింది. నిలబడి నడిచి చూస్తే లాభం లేదు, పులి అంత ఎత్తుండదు కదా.

ఆ చుట్టుపక్కల కార్డుల్లో ఎనుములూ మేకలే ఎక్కువ, దుప్పి జాడ తక్కువ. వాటినీ చెరిపేయకూడదు, మేత ఎవరికి పోతోందో చెప్పేవి అవే. నల్లమలలో దొరికిన పులి చారలే రేపు దక్షిణాన లంకమలలోనో శేషాచలంలోనో దొరికితే, మధ్యలో అడవి తెగలేదని అంతకన్నా గట్టి రుజువు ఉండదు.

నాలుగో చోటి కార్డు సాయంత్రం బేస్ క్యాంపులో తెరిచాం. రాత్రి 2:14కి పెద్దపులి. ఎడమ పక్క భుజం నుంచి తోక దాకా గీత గీతా లెక్కపెట్టొచ్చు. కుడి పక్క ఫోటో మాత్రం తెల్లగా పాలిపోయింది. రెండు కెమెరాలనూ సరిగ్గా ఎదురెదురుగా కట్టడంతో ఒకదాని ఫ్లాష్ రెండోదాని కంట్లో కొట్టింది. పొద్దున్నే వెళ్లి ఒకదాన్ని కొంచెం పక్కకు జరిపి కట్టాలి.