చేవెళ్ళ రోడ్డు మీద చెలక నేల

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ చూడాలని బయలుదేరాను గానీ, చెప్పవలసినది చాలావరకు అనంతగిరికి ఎంతో ఇవతల, మొయినాబాద్ దాటి కనకమామిడి చేరకముందే ఎదురైంది. మెహిదీపట్నంలో వికారాబాద్ బస్సు ఎక్కేసరికే ఎండ ముదిరింది. లంగర్‌హౌజ్ నుంచి అప్పా జంక్షన్ దాకా బస్సు నడిచినదానికన్నా నిలబడ్డదే ఎక్కువ. అజీజ్‌నగర్ దాటాక ఇక గాలి తగులుతుందనుకుంటే, రోడ్డు వెడల్పు పనులు సాగుతున్నచోట ఒక వైపు దారి మూసేసి, మొరం టిప్పర్లను మాత్రం ఒకదాని వెంట ఒకటి పోనిస్తూ, మా బస్సును, మా వెనక నిలిచిన బండ్లన్నింటినీ గంటకు పైగా ఎండలో ఆపేశారు. పిల్లల తల్లులు నీళ్ళ కోసం అటూ ఇటూ చూస్తున్నారు, నీడ ఎక్కడా లేదు. కండక్టరును అడిగితే "ఇయ్యాల నయమే సార్" అన్నాడు. ఆ మాటకు కోపం వచ్చి బస్సు దిగాను.

దిగినచోట రోడ్డు పక్క గట్టును యంత్రంతో నిలువునా కోసి వదిలేశారు. ఆ కోత నా ఎత్తుకు మించి ఉంది. రెండు రోజుల క్రితం పడ్డ వాన వల్ల దుమ్మంతా కడుక్కుపోయి పొరల రంగులు విడివిడిగా కనిపిస్తున్నాయి. దేవరకొండ వైపు మా తాతగారి చెలకలో, అంటే ఇసుక పాలెక్కువున్న ఎర్రటి మెట్టనేలలో, కందికొయ్యలు గుచ్చుకుంటూ నడిచి పెరిగినవాణ్ణి నేను. ఆ చెలక పైభాగం నా అరికాళ్ళకు తెలుసు. లోపల ఏముందో ఇంత స్పష్టంగా చూడటం మాత్రం అదే మొదలు.

అన్నిటికన్నా పైన జానెడు మందాన గోధుమవన్నె కలిసిన ఎర్రటి మట్టి, అందులో గడ్డివేళ్ళు, చేత్తో నలిపితే ఇసుక పాలే ఎక్కువ. దాని కింద నడుము లోతు దాకా ముదురు ఎరుపు. అక్కడ ఇసుక తగ్గి బంక పెరిగింది. తడిచేసి ఉండ చుడితే విరగకుండా నిలిచింది. ఆ కింద నేల రంగు ఒక్కటిగా లేదు. గులాబీ, తెలుపు, తుప్పురంగు మచ్చలుగా కలిసి, చూడటానికి అచ్చం గ్రానైట్ రాయిలాగే ఉండి, వేలితో గీకితే పొడిపొడిగా రాలిపోతోంది. మనం మొరం అనేది దీన్నే. అట్టడుగున, ఇంకా కరగని గుండ్రని బండలు మొరంలో చిక్కుకుని ఉన్నాయి. హైదరాబాదు గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచే బండలు కూడా ఒకప్పుడు ఇలాగే నేల లోపల మొరం మధ్య గుండ్రబడినవే. చుట్టూ ఉన్న మెత్తటి పదార్థమంతా వానలకు కొట్టుకుపోయాక బయటపడి అలా నిలిచాయి.

ఈ ప్రాంతపు గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ళనాటిది. అందులో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కొంత నల్ల అభ్రకం. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిపాటి ఆమ్లంగా మారి రాతి పగుళ్ళలోకి దిగుతుంది. ఆ నీటికి ముందుగా లొంగేవి ఫెల్డ్‌స్పార్, అభ్రకం. ఫెల్డ్‌స్పార్‌లోని సోడియం, పొటాషియం, కాల్షియం కరిగి నీటి వెంట వెళ్ళిపోతే మిగిలేది కయోలిన్ రకపు బంకమట్టి. నల్ల అభ్రకంలోని ఇనుము గాలి తగిలి తుప్పుగా మారి, ఆ బంక రేణువులకు పూతలా పట్టుకుని నేలకు ఎరుపు తెస్తుంది. క్వార్ట్జ్ మాత్రం దేనికీ లొంగక గరుకు ఇసుకగా నిలిచిపోతుంది. చెలకలో నాగలి కర్రు కరకరలాడేది ఆ ఇసుక వల్లనే. ఇక ఏళ్ళ తరబడి పడే వానలు పైపొరలోని సన్నటి బంకను కిందికి దింపుతాయి కనుక పైన ఇసుక, కింద బంక ఏర్పడతాయి. చెలక గుణాలూ అవగుణాలూ దాదాపు అన్నీ ఈ ఒక్క అమరికలోనే ఉన్నాయని ఆ గట్టు ముందు నిలబడ్డాకనే నాకు బోధపడింది.

గట్టు మీది పొలం ఒక పెద్దావిడది. కొంగు నెత్తిన కప్పుకుని, చేతిలో కొడవలితో ఒడ్డుకు వచ్చి నిలబడింది.

"ఏం జూస్తున్నవ్ బిడ్డా? కొలతలకు అచ్చినవా?"

"కాదు పెద్దమ్మా, బస్సు ఆగింది. మట్టి చూస్తున్నాను."

"మట్టిల సూడనీకి ఏమున్నది? గా పైన జానెడే మనకు బువ్వ వెట్టేది. కిందిదంత రాయే."

ఆమె ఒక్క మాటలో చెప్పినదే శాస్త్రమూ చెబుతుంది. చెలకలో ఉన్న కొద్దిపాటి సేంద్రియ పదార్థం, నత్రజని అంతా పైపొరలోనే ఉంటాయి. నత్రజని, భాస్వరం రెండూ ఈ నేలలో తక్కువే. నీటిని నిలుపుకునే శక్తి మరీ తక్కువ. లోతైన నల్లరేగడి దాచుకునే తడిలో సగం దాచుకోవడం కూడా దీనికి కష్టమే. అందుకే ఇక్కడ పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, అన్న మాటకు అంత విలువ. "వాన వడ్డ రెండొద్దులల్ల సాలు వట్టాలె. మూడోనాడు గొర్రు దిగది" అంది పెద్దమ్మ. గట్టి వాన పడి వెంటనే ఎండ కాస్తే చెలక పైన జొన్నరొట్టె మీది పొరలాంటి పెచ్చు కడుతుంది, దాన్ని చీల్చుకుని మొలక పైకి రాలేదు. మా తాతగారు అలాంటి రోజుల్లో తెల్లవారకముందే ఆ పెచ్చు పగలగొట్టే గుంటుక కట్టుకుని పోవడం, ఆయన తిరిగి వచ్చేదాకా నాయనమ్మ వాకిట్లోనే నిలబడి ఉండటం గుర్తుకు వచ్చాయి. అప్పట్లో అది ఆయన చాదస్తమనుకునేవాళ్ళం. ఆ ఒక్క పూట ఆలస్యమైతే విత్తనం మొత్తం నేలలోనే కుళ్ళిపోతుందని ఆయనకు తెలుసు.

పెద్దమ్మ చిన్నతనంలో ఈ పొలంలో జొన్నలు, ఉలవలు, కందులు, ఆముదాలు వేసేవారట. మా దేవరకొండ వైపూ అంతే, ముఖ్యంగా ఆముదాలు. అవి తక్కువ తడితో సరిపెట్టుకునే పంటలు. కంది వేరు కింది బంకపొర దాకా దిగి అక్కడి తేమను తీసుకుంటుంది. ఇప్పుడు ఆమె పొలంలో పత్తి ఉంది. పత్తి నల్లరేగడికి తగిన పంట, ఈ చెలకలో ఆమె దాన్ని బోరునీటి మీద పండిస్తోంది. "బోరు ఎండకాలం పోస్తలేదు" అంది ఆమె. పోయదు మరి. గ్రానైట్ ప్రాంతంలో భూగర్భజలం ఉండేది మొరం పొరలోనూ, దాని కింద పగుళ్ళున్న రాతిలోనూ మాత్రమే. ఆ కింద గట్టి బండలో ఎంత లోతు తవ్వినా దొరికేది అంతంతే. ఆమె చెప్పిన వాటిలో సంతోషంగా చెప్పినది ఒక్కటే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఊరి చెరువు పూడిక తీసినప్పుడు ఆ నల్లటి ఒండ్రును ట్రాక్టర్లతో తెచ్చి చెలకలో పోయించిందట, ఆ తరువాత కొన్నేళ్ళు నేలలో నెమ్ము నిలిచిందట. ఆలోచిస్తే అది కొత్త మట్టి కాదు. వాలు మీది చెలకల నుంచి వానలకు కొట్టుకుపోయి చెరువు అడుగున చేరిన సన్న బంకే మళ్ళీ ఇంటికి వచ్చింది. మన పెద్దలు గొర్రెల మందలు పెట్టించి, చెరువు మట్టి తోలించి ఈ నేలను నిలబెట్టుకున్నారు. ఎరువు బస్తాలొక్కటే ఆ పని చేయలేవు, ఎందుకంటే అవి నేలకు బంకనూ తేమనూ ఇవ్వలేవు.

ఆమె పక్క పొలం వైపు చెయ్యి చూపింది. అక్కడ పొలం లేదు, పెద్ద గుంత ఉంది. "ఆయన మొరం అమ్ముకున్నడు. పైమట్టి గూడ దాంతోనే పాయె." నన్ను ఆ రోజంతా బాధపెట్టిన మాట ఇదే. మమ్మల్ని ఎండలో నిలబెట్టి దర్జాగా వెళ్ళిన టిప్పర్లలో ఉన్నది ఇలాంటి చెలకల కింది మొరమే. నగరం చుట్టూ ప్లాట్లు ఎత్తు లేపడానికి, వెంచర్ల రోడ్లు పరచడానికి అది కావాలి. మొరం తీయాలంటే ముందు పైనున్న జానెడు మట్టిని గీకి పక్కకు నెట్టాలి. ఒక సెంటీమీటరు మట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పట్టే రాతి మీద, జానెడు పొరను ఒక యంత్రం ఒక పూటలో చెత్తగా తోసేస్తుంది. ఆ మట్టిలోనే కొంత మా సరూర్‌నగర్ నర్సరీలో ఎర్రమట్టి పేరుతో సంచిలోకెక్కి, సంచి నూటయాభై రూపాయలకు నా మేడ మీది కుండీలకు వస్తోంది. గనుల్లో చేసినట్టు పైమట్టిని విడిగా కుప్పపోసి, తవ్వకం అయ్యాక తిరిగి పరచమని అడగడం పెద్ద కోరికేమీ కాదు. హైదరాబాదు బండలను కాపాడటానికి 1996 నుంచి ఒక సంఘం పనిచేస్తోంది, అది ఎంతో మంచిపని. ఆ బండలతో ఒకే తల్లికి పుట్టిన ఈ మట్టి పక్షాన కూడా ఎవరైనా నిలబడాలి. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ చుట్టుపక్కల ఇంకా ఇన్ని పొలాలు కంటికి కనిపిస్తున్నాయంటే, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 84 గ్రామాల్లో కట్టడాలను అదుపుచేస్తూ 1996లో తెచ్చిన 111 జీవో ఇన్నేళ్ళు అడ్డు నిలిచినందువల్లనే. ఆ జీవో నీటి కోసం వచ్చింది, దాని నీడలో మట్టి కూడా కొంత బతికింది.

బస్సు హారన్ మోగింది. పెద్దమ్మ ఒడిలోంచి రెండు కందికాయలు తీసి ఇచ్చింది, డబ్బులివ్వబోతే కసిరింది.

చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్ల గురించి ఇప్పటికే చాలామంది రాశారు. సుమారు తొమ్మిది వందల ఆ మర్రులు రోడ్డు వెడల్పులో ఏమవుతాయోనన్న దిగులు నాకూ ఉంది. అయితే ఆ పూట నా చూపు చెట్ల మధ్య సందుల్లోంచి పొలాల మీదే ఉంది. చేవెళ్ళ దాటి మన్నెగూడ వైపు పోయేకొద్దీ నేల రంగు మారుతూ వచ్చింది. ఒకచోట ఎరుపు, మరికొంత దూరానికి నలుపు, మళ్ళీ ఎరుపు, చివరికి మన్నెగూడ నుంచి వికారాబాద్ వైపు తిరిగాక నలుపే ఎక్కువ. ఇక్కడ గ్రానైట్‌ను కప్పుతూ సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పారి గడ్డకట్టిన లావా, అంటే బసాల్ట్ రాయి మొదలవుతుంది. నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటుంది. బసాల్ట్‌లో గ్రానైట్ కన్నా ఇనుము చాలా ఎక్కువ. అయినా ఇనుము తక్కువున్న రాతి నుంచి ఎర్రనేల, ఎక్కువున్న రాతి నుంచి నల్లనేల వచ్చాయి. నేల రంగు ఇనుము ఎంత ఉందన్నదాని మీద కాక, నీరు ఎలా దిగిపోతుందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. వాలు మీది చెలకలో నీరు నిలవదు, గాలి ఆడుతుంది, ఇనుము ఎర్రటి తుప్పుగా మారుతుంది. బసాల్ట్ నుంచి వచ్చే బంక వేరే రకం. తడికి ఉబ్బి, ఎండకు పగుళ్ళిస్తుంది, నీటిని వదలదు, కాల్షియాన్ని పట్టుకుని ఉంటుంది. గ్రానైట్ ప్రాంతంలో కూడా వాలు అడుగున, పల్లంలో నల్లనేల కనిపించడానికి, ఇంకా కిందికి పోతే చవుడు తేలడానికి కారణం కూడా నీరు అక్కడ నిలవడమే. గట్టు మీద కరిగిన లవణాలన్నీ చివరికి చేరేది అక్కడికే. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో ఈ ఎర్రనేల, నల్లనేల రెండూ పక్కపక్కనే ఉండటం వల్ల, ఒకే వాన కింద రెండు నేలలు ఎలా ప్రవర్తిస్తాయో అక్కడ పోల్చి చూడగలిగారు.

వికారాబాద్‌లో భోజనం ఊసెత్తను. అక్కడి నుంచి అనంతగిరికి ఆటో అతను మూడువందలు అడిగాడు, సెలవురోజు కావడంతో బేరానికి లొంగలేదు. పైన టీ ముప్ఫై రూపాయలు. కొండ మీద జనం, పాటల పెట్టెలు, ప్లాస్టిక్ సీసాలు, వీటి మధ్యనే మూసీ పుట్టిన చోటు. ఆ జనాన్ని తప్పించుకుందామని అడవి దారి పట్టాను.

అడుగుల కింద మళ్ళీ ఎర్రమట్టి. చుట్టూ మైదానమంతా నలుపు, కొండ నెత్తిన ఎరుపు. కనకమామిడికి ఇవతల చూసినదే ఇక్కడా ఉందనుకుని వంగి చేతిలోకి తీసుకుంటే ఇసుక లేదు. క్వార్ట్జ్ పలుకు ఒక్కటీ తగలలేదు. బఠాణీ గింజంత గుండ్రటి తుప్పు గుళికలు, తొలిచినట్టు రంధ్రాలున్న బరువైన రాయి ఉన్నాయి. ఇది చెలక కాదు, లాటరైట్. దీని తల్లి బసాల్టే, బసాల్ట్‌లో క్వార్ట్జ్ ఉండదు కనుకనే ఇసుక లేదు. ఎంతో దీర్ఘకాలం వానా ఎండా మార్చి మార్చి తగలడంతో రాతిలోని సిలికా కూడా కరిగి వెళ్ళిపోయి, ఇనుము, అల్యూమినియం మాత్రమే మిగిలి గట్టి టోపీలా కొండను కప్పాయి. ఈ రాయిని ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాట్లండ్ వైద్యుడు మలబారులో చూసి, 1807లో అచ్చయిన తన ప్రయాణాల పుస్తకంలో వర్ణించాడు. మనకు మాత్రం అది నగరం నుంచి ఒక్క బస్సు దూరంలోనే ఉంది. రంధ్రాల గుండా దిగిన వాన కింది బంకపొర దగ్గర ఆగి పక్కలకు ఊటగా రావడం లాటరైట్ కొండల స్వభావం. చెలక వానను తనలో దాచుకోలేదు, ఈ కొండ నెత్తి మాత్రం దాచుకుని నెమ్మదిగా వదులుతుంది. రెండూ ఎర్రనేలలే అయినా ఒకదానికి చేసే సేద్యం మరొకదానికి పనికిరాదు.

ఈ లాటరైట్ ఇక్కడితో ఆగదు. జహీరాబాద్ మీదుగా బీదర్ దాకా కనిపిస్తుంది. బీదర్ కోట నిలిచినది దాని మీదే, అక్కడి పాత సొరంగ కాలువలు తొలిచినదీ దానిలోనే. వికారాబాద్ జంక్షన్ నుంచి జహీరాబాద్ మీదుగా బీదర్‌కు రైలు మార్గం ఉంది. వానాకాలం చివర, జొన్నకు నేల దున్ని ఉంచిన రోజుల్లో పగటి బండి ఎక్కితే నలుపు ఎక్కడ ముగిసి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో కిటికీలోంచే తెలిసిపోతుంది. నా తరువాతి ప్రయాణం ఆ దారినే.