పాత స్విస్ మ్యూజిక్ బాక్స్ కీచుమంటుంటే: డాంపర్లు మార్చిన నా అనుభవం

ఈ బాక్స్ స్విట్జర్లాండ్ జ్యూరా కొండల్లోని సెంత్ క్రువా ఊరి తరహాది. 19వ శతాబ్దం చివరి నాటిది. ఆరు పాటలు, ఎడమ పక్క లీవరుతో కీ ఇచ్చే రకం. స్వరాలు పలికే ఉక్కు పళ్ళ వరసను దువ్వెన అంటారు. అందులో ఒక్క పన్నూ విరగలేదు, తిరుగుతూ ఆ పళ్ళను మీటే సిలిండర్ పిన్నులు నిటారుగానే ఉన్నాయి. మంద్ర స్వరాల దగ్గర మాత్రం కీచుమంటోంది. ఇలాంటి చప్పుడు వినిపించాక ఇంకో పాట పెట్టకపోవడమే మంచిది.

కీచు ఎందుకొస్తుందో తెలిస్తే పని సగం తేలికవుతుంది. 1796లో జెనీవాలో ఆంత్వాన్ ఫావ్ర్ అనే గడియారాల తయారీదారు గంటలను పక్కన పెట్టి, శ్రుతి చేసిన ఉక్కు పళ్ళతో సంగీతం పలికించాడు. సిలిండర్ బాక్సుల సూత్రం అప్పటిదే. ఇత్తడి సిలిండర్ మీది ఉక్కు పిన్ను పంటి కొసను ఎత్తి వదిలితే స్వరం పలుకుతుంది. అదే స్వరం వెంటనే మళ్ళీ రావాలంటే, ఇంకా కంపిస్తున్న పంటినే తరవాతి పిన్ను తాకాలి. ఉక్కు మీద ఉక్కు రాసుకుని కీచుమనేది అక్కడే. అది రాకుండా పంటి కొస కింద సన్నని ఉక్కు తీగ ఒకటి బిగిస్తారు. పిన్ను ముందు ఈ తీగను నెడుతుంది, తీగ పంటికి ఆని కంపనం ఆపుతుంది, ఆ తరవాతే పిన్ను పంటిని ఎత్తుతుంది. ఆ తీగే డాంపర్. పై స్వరాల పళ్ళు సన్నవి కాబట్టి వాటికి తీగ బదులు కోడి ఈక ముక్క అంటిస్తారు. చిట్టచివరి కొన్ని పళ్ళకు ఏదీ ఉండదు. వాటి కంపనం దానంతటదే ఆగిపోతుంది.

విప్పే ముందు అందరూ గుర్తుంచుకోవాల్సింది స్ప్రింగు గురించి. స్ప్రింగులో బలం ఉండగా, సిలిండర్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ స్క్రూలు వదులు చేస్తే, పట్టేవాడు లేక సిలిండర్ గిర్రున తిరుగుతుంది. రెప్పపాటులో పిన్నులు పడుకుంటాయి, పళ్ళు విరుగుతాయి. ఆ బాక్స్‌ను మళ్ళీ పాడించాలంటే పిన్నులన్నీ కొత్తగా వేయాలి, దానికయ్యే ఖర్చు చాలాసార్లు బాక్స్ ధరనే దాటిపోతుంది. అందుకే కొనేటప్పుడు కూడా సిలిండర్‌ను వెలుతురులో వాలుగా చూడాలి. ఒక చోట పిన్నులు గుంపుగా వాలి ఉంటే ఈ ప్రమాదం ఒకసారి జరిగిందన్నమాట.

నా పద్ధతి ఇది. పాట అయిపోయి, పిన్నులేవీ పళ్ళకు తగలని చోట బాక్స్ ఆగాక, గవర్నర్‌ను ముట్టుకోకుండా ముందు దువ్వెన తీస్తాను. స్క్రూలన్నీ ఒక్కొక్కటి కాస్త కాస్త వదులు చేస్తూ పోవాలి. ఒకటి పూర్తిగా విప్పి, పక్కది బిగుతుగా ఉంచితే దువ్వెన వంకరగా లేస్తుంది. స్క్రూ ఏ రంధ్రంలోదో అట్టముక్క మీద అదే వరసలో గుచ్చి పెడతాను. దువ్వెనను పైకి కాదు, సిలిండర్ నుంచి వెనక్కి జరిపి తీయాలి. ఆ తరవాత దువ్వెన లేకుండానే యంత్రాన్ని తిరగనిచ్చి స్ప్రింగును పూర్తిగా ఖాళీ చేస్తాను. సిలిండర్ పళ్ళచక్రాన్ని వేలితో కదిపితే వదులుగా ఆడాలి. అప్పుడే గవర్నర్ జోలికి వెళ్ళాలి.

దువ్వెనను బోర్లా తిప్పితే మంద్ర పళ్ళ కింద సీసం దిమ్మలు కనిపిస్తాయి. పంటిని బరువు చేసి స్వరాన్ని కిందికి దించేవి అవే. వాటి మీద తెల్లటి పొడి పట్టి ఉంటే సీసం తడికి చెడుతోందని అర్థం. అది ఉబ్బి పక్క పంటికి తగిలితే రెండూ మూగబోతాయి. ఆ పొడి విషం. గ్లవ్స్, మాస్క్ వేసుకుని, పొడి గాలిలోకి లేవకుండా కాస్త నూనె అద్దిన పుల్లతో తీయాలి. ఉప్పుకాగితం పెట్టకూడదు, సీసం అరిగితే శ్రుతి పైకి పోతుంది.

ఇక డాంపర్లు. ప్రతి తీగనూ పంటి కింది చిన్న రంధ్రంలో సన్నని ఇత్తడి మేకు బిగించి పట్టి ఉంచుతుంది. మేకు ఒక కొస లావు, ఒక కొస సన్నం. సన్న కొస వైపు నుంచి నెట్టాలి, తిరగేసి నెడితే ఇంకా బిగుసుకుంటుంది. కొత్త తీగ మందం పక్క పళ్ళకున్న పాత తీగతో సరిపోవాలి. మంద్రం నుంచి పైకి పోయేకొద్దీ తీగ సన్నమవుతుంది. మరీ గట్టి తీగ వేస్తే దాని చప్పుడే వినిపిస్తుంది, మరీ మెత్తనిది కంపనాన్ని ఆపలేదు.

అసలు నేర్పు వంపులో ఉంది. తీగను దూర్చి, మేకు నొక్కి, అదనంగా ఉన్నది కత్తిరించాక, కంటికి భూతద్దం (లూప్) పెట్టుకుని ట్వీజర్‌తో పంటి కొస ఆకారంలోనే వంచాలి. తీగకూ పంటికీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. తీగ పంటికి ముందే ఆనితే స్వరం మొద్దుబారుతుంది, దూరమైతే కీచు అలాగే ఉంటుంది. పక్కకు ఒరిగితే ఇంకో చిక్కు. ఆరు పాటల బాక్సులో పాట మారినప్పుడు సిలిండర్ పక్కకు జరిగేది సుమారు అర మిల్లీమీటరే. ఒరిగిన తీగ పక్క పాట పిన్నులకు చిక్కుకుంటుంది. అందుకే మంద్రం వైపు నుంచి ఒక్కో పన్నూ పూర్తి చేస్తూ వెళ్తాను, బాగున్న పక్క తీగే కొలతగా పనికొస్తుంది. ఈకలను మాత్రం చుక్క లక్కతో అంటిస్తే చాలు.

సిలిండర్‌ను మెత్తని బ్రష్‌తో దులపడమే. లోపల పిన్నుల మొదళ్ళను పట్టి ఉంచే లక్కలాంటి పదార్థం పోసి ఉంటుంది. వేడి చూపినా, స్పిరిట్‌లో ముంచినా అది కరిగిపోతుంది. గవర్నర్ ఇరుసులకు, అందులోని మరలు తిరిగిన కడ్డీకి గడియారాల నూనె అతి తక్కువగా అద్దాలి. దువ్వెనకు నూనె తగలకూడదు.

తిరిగి బిగించేటప్పుడు మొదటి పాట దగ్గర పళ్ళ కొసలు సిలిండర్ మీద తయారీదారు పెట్టిన సన్నని చుక్కలకు సూటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తరవాత కొద్దిగానే కీ ఇచ్చి ఆరు పాటలూ విని, తప్పు పలికిన పంటిని గుర్తు పెట్టుకోవాలి. కీచుమంటే వంపు చాలలేదు. టక్కుమంటే తీగ పొడవైంది. జుయ్యిమంటే తీగ పంటికి ఆనుతోంది, లేదా సీసం పక్కదానికి తగులుతోంది.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో ఉంచేవాళ్ళు వానాకాలం పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తడి పీల్చుకోగానే మార్చాలి. పాట మధ్యలో ఆపి పెట్టకూడదు, ఆగిన చోట పళ్ళు పిన్నుల మీద బరువుతో ఉండిపోతాయి. ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే ముందు స్ప్రింగు దింపాలి, అదీ పాట చివర ఆగేలా చూసుకుని.