తిన్నారా? తిన్నారా ఏంటి?

హాంకాంగ్ వచ్చిన కొత్తలో మా బిల్డింగ్ వాచ్‌మన్ పెద్దాయన్ని ఇక్కడి భాష కాంటనీస్‌లో పలకరించాలని నా కోరిక. ఇక్కడా మన ఊళ్ళో లాగే పలకరింపంటే ‘భోంచేశారా’ అనే. ‘సిక్ చో ఫాన్ మేయ్ ఆ?’ అని బట్టీ పట్టి, లిఫ్ట్ తలుపులు తెరుచుకోగానే అనేశాను. కంగారులో చివరి ‘ఆ’ మింగేశాను. ఆయన చేతిలోని టిఫిన్ డబ్బా వైపు చూసుకుని పకపకా నవ్వాడు.

ఎందుకు నవ్వాడో ఆఫీసులో స్నేహితురాలు చెప్పింది. ‘మేయ్’ అంటే ‘ఇంకా లేదా’ అని. దాన్ని గొంతు దించి పలకాలి. నేనేమో ప్రశ్న కదా అని చివర గొంతు లేపాను. ఈ భాషలో గొంతు మారితే మాటే మారిపోతుంది; దాంతో అది ‘మే’ అన్న వేరే మాటలా వినబడింది. ఆ ‘మే’ అచ్చం మన ‘ఏంటి’ లాంటిది. అంటే ఆయన్ని ‘తిన్నారా ఏంటి?’ అని నిలదీశానన్నమాట.

కాంటనీస్ క్లాసులో మొదట నేర్పింది ‘మా’. వాక్యం చివర తగిలిస్తే చాలు, ప్రశ్న అయిపోతుందన్నారు. మన ‘వచ్చావా’లో ‘ఆ’ లాగే కదా అని సంబరపడ్డాను. తీరా షామ్ షుయ్ పో మార్కెట్‌లో అలా మాట్లాడేవాళ్ళు దాదాపు కనబడలేదు. బేరమాడేవాళ్ళు ‘పెంగ్ తీ తక్ మ్ తక్ ఆ?’ అంటారు. ‘తగ్గిస్తారా, తగ్గించరా’ అన్నట్టు. ఆ చివరి ‘ఆ’ ప్రశ్నని మెత్తబరుస్తుందంతే; అది లేకపోతే పోలీసు విచారణలా ఉంటుంది.

నన్ను ఏడిపించింది ఇంకో ‘ఆ’. ‘లేయ్ మ్ హోయ్ ఆ?’ అంటే ‘నువ్వు వెళ్ళట్లేదా?’ ఇక్కడ ‘ఆ’ అనేటప్పుడు గొంతు పాతాళానికి దిగాలి. తెలుగు నోటికి ఇది ఎంత కష్టమో! ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే, ప్రతిసారీ చివర నా గొంతు గాలిపటంలా లేచిపోయేది. చెయ్యి కిందికి ఊపుతూ పలకడం మొదలుపెట్టాక కుదిరింది. బస్సులో పక్కవాళ్ళు వింతగా చూసేవారనుకోండి.

అసలు ఇంగ్లీషులోంచి ఆలోచించడం మానేశాకే దారి దొరికింది. చివర ‘హో’ అంటే మన ‘కదా’, ‘క్వా’ అంటే ‘అనుకుంటా’. ఇంగ్లీషు వాళ్ళు పేజీలకొద్దీ వివరించేది మనకి ఒక్క ముక్కలో తేలిపోతుంది.

మొన్న చెయ్యి జేబులోనే ఉంచుకుని, గొంతు దించి, పెద్దాయన్ని మళ్ళీ అడిగాను. ఈసారి నవ్వలేదు.

“మేయ్ ఆ. లేయ్ నె?” అన్నాడు. ఇంకా లేదు, మరి నువ్వో?