హైదరాబాద్ దగ్గర అకీక్ రాళ్ళు: ఎక్కడ వెతకాలి, ఎలా గుర్తుపట్టాలి

ఖాజాగూడ గుట్టల్లోనో మౌలాలి దగ్గరో అకీక్ (ఇంగ్లీషులో అగేట్) కోసం తిరిగితే ఎండదెబ్బ తప్ప ఏమీ దక్కదు. అదంతా గ్రానైట్, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అక్కడ తెల్లగా కనబడేది మామూలు పలుగురాయి. అగేట్‌కి దక్కన్ ట్రాప్ బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, ఉండాలి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన లావాలో గాలిబుడగలు ఖాళీలుగా మిగిలిపోయాయి. సిలికా కరిగిన నీరు వాటిలోకి చేరి, అంచు నుంచి లోపలికి పొర మీద పొరగా పేరుకుంది. ఆ బసాల్ట్ మనకు పడమటి వైపు, వికారాబాద్, జహీరాబాద్ దిక్కున తగులుతుంది. బయల్దేరే ముందు జీఎస్ఐ (భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ) వారి ఆన్‌లైన్ భూకోశ్ పటంలో ఆ చోట ఏ రాయి ఉందో చూసుకుంటే పెట్రోలు మిగులుతుంది.

బసాల్ట్ నల్లరేగడిగా మారిపోయినా కాల్సెడొనీ (బుడగల్లో పేరుకున్న ఆ సిలికా రాయి, అగేట్ దీనిలో చారలున్న రకం) అరగదు. అందుకే వానలు వెలిశాక వాగుల ఒడ్డున, దున్నిన చేలల్లో పైకి తేలి ఉంటుంది. చేలో దిగే ముందు రైతును అడగండి. అనంతగిరి లాంటి రిజర్వ్ ఫారెస్ట్‌లో రాయి ఏరొద్దు. కొనదేలిన సన్నటి పెచ్చులు గుంపుగా కనిపిస్తే అవి రాతియుగపు పనిముట్లు కావచ్చు. ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి.

మెరిసే రాయి కోసం చూసేవాళ్ళకు అగేట్ కాలికి తగిలినా తెలీదు. పైతోలు గుంటలుగుంటలుగా, మసకగా, ఒక్కోసారి ఆకుపచ్చ పూతతో ఉంటుంది. పగిలిన అంచు చూడండి: మైనం పూసినట్టు నున్నటి మెరుపు, గవ్వలా వంపు తిరిగిన పగులు. నీడలో ఫోన్ టార్చి ఆనించితే వెలుగు లోపలికి పాకుతుంది. చారలుంటే అగేట్, లేకపోతే కాల్సెడొనీ, నారింజ ఎరుపైతే కార్నీలియన్. పలుచటి అంచులో కూడా వెలుగు దూరకపోతే జాస్పర్ అనుకోవచ్చు.

అసలు తికమక కాల్సైట్, జియోలైట్‌లు అనే వేరే ఖనిజాలతో. అవీ ఇదే బుడగల్లో పెరుగుతాయి. ఉక్కు చాకుతో గట్టిగా గీయండి. మోస్ కొలమానంలో (1 మెత్తన, 10 వజ్రం) కాల్సెడొనీ గట్టిదనం 6.5 నుంచి 7, చాకు కన్నా ఎక్కువ, కాబట్టి గీత పడదు. అయితే బూడిదరంగు గీత ఒకటి కనిపిస్తుంది. అది చాకు లోహం రాయికి అంటుకున్న మరక. తడి వేలితో రుద్దితే పోతుంది. కాల్సైట్, జియోలైట్‌ల మీద నిజంగా గాడి పడుతుంది. కాల్సైట్ పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే నురగొస్తుంది. రేగడిలో దొరికిన అగేట్‌కి సున్నపు పెచ్చు అంటుకుని ఉంటే అదీ నురగ పెడుతుంది, అందుకని లోపలి ముఖం మీదే చూడాలి.

ఇంటికొచ్చాక సాంద్రత. వంటింటి డిజిటల్ కాటా మీద పొడి రాయి తూచండి, 52 గ్రాములనుకుందాం. కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా పూర్తిగా ముంచండి. కాటా 20 చూపిస్తే 52ని 20తో భాగించాలి: 2.6, కాల్సెడొనీకి సరిపోయింది. జియోలైట్‌లు చాలావరకు 2.3 లోపే, ఓపల్ 2.2 లోపే. కాల్సైట్ మాత్రం 2.71, మరీ దగ్గర, దానికి చాకే నమ్మకం. ఒక గ్రాము తేడాతో చూపే కాటా మీద 20 గ్రాముల రాయి తూచి లెక్క నమ్మొద్దు. రాయికి అంటిన గాలిబుడగలు కూడా లెక్క తప్పిస్తాయి, ముంచాక దారాన్ని ఒకసారి కదపండి.

కొన్న రాయి సంగతి వేరు. కాల్సెడొనీకి సన్నటి రంధ్రాలుంటాయి, రంగు ఇట్టే తాగుతుంది. గులాబీ, ఊదా, కొట్టొచ్చే నీలం కనిపిస్తే రంగేసిందనే అనుకోండి. దూదికి అసిటోన్ అద్ది రుద్దితే రంగు దిగకపోయినా సహజమని కాదు. 10 రెట్ల లెన్స్‌తో పగుళ్ళు చూడండి, వేసిన రంగు అక్కడ గాఢంగా చేరి ఉంటుంది.