సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా అకౌంటింగ్ లైసెన్స్) ఉంది కదా, స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం ఇవ్వరా?

నెలకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు, కార్పొరేట్ అకౌంటింగ్ వదిలేసి స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ) డబ్బు వ్యవహారాలు చూసే బిజినెస్ ఆఫీసులోకి ఎలా వెళ్లావు, దానికి ఏం కావాలి అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, ఇక్కడ రాసి పడేస్తే లింక్ పంపేయొచ్చు.

ముందు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో చెప్పండి. అమెరికాలో ఈ ఉద్యోగానికి దేశమంతటికీ ఒక సర్టిఫికెట్ అంటూ లేదు. డెలవేర్ నదికి అటువైపు పెన్సిల్వేనియాలో బిజినెస్ మేనేజర్‌కి రాష్ట్ర ప్రభుత్వ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. నది దాటి న్యూజెర్సీలోకి వస్తే స్కూల్ బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ లేకుండా ఆ కుర్చీలో కూర్చోనివ్వరు. న్యూయార్క్ వాళ్లది ఇంకా పెద్ద తంతు, మాస్టర్స్‌తో పాటు మొత్తం 60 గ్రాడ్యుయేట్ క్రెడిట్లు, ఇంటర్న్‌షిప్, పైన రాష్ట్రం పెట్టే పరీక్ష. టెక్సస్‌లో సర్టిఫికేషన్ ఉంది కానీ అది స్కూల్ బిజినెస్ ఉద్యోగుల అసోసియేషన్ ఇచ్చేది, ఇష్టమైతే చేసుకోవచ్చు. కాబట్టి ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు మీ రాష్ట్ర విద్యాశాఖ సైట్ చూసుకోండి, ఎవరో చెప్పారని కట్టకండి. నేను కట్టాను, ఎంతో చెప్పను.

నేనున్నది న్యూజెర్సీ, ఇక్కడి సంగతే వివరంగా చెప్పగలను. మాస్టర్స్ డిగ్రీ కావాలి, లేదంటే సీపీఏ లైసెన్స్. ఆ 'లేదంటే' అన్న మాటే నన్ను బతికించింది, ఎందుకంటే మన దగ్గర చదివిన ఎం.కాం.ని డిగ్రీ ఎవాల్యుయేషన్ వాళ్లు మాస్టర్స్‌గా లెక్కవేయలేదు, మూడేళ్ల బీ.కాం. దగ్గరే పేచీ పెట్టారు. దాంతో పాటు ఎకనామిక్స్, లా, అకౌంటింగ్, మేనేజ్‌మెంట్, ఫైనాన్స్ లాంటి సబ్జెక్టుల్లో 18 క్రెడిట్లు చూపించాలి. టీచర్‌గా పనిచేసి ఉండాలేమో అని చాలామంది భయపడి ఆగిపోతారు, అక్కర్లేదు.

ఇవన్నీ ఉంటే వచ్చేది సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ, అంటే ఉద్యోగం వెతుక్కోవడానికి అనుమతి, అంతే. ఏదో ఒక డిస్ట్రిక్ట్ ఆఫర్ ఇస్తేనే ప్రొవిజనల్, అంటే తాత్కాలిక సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత ఏడాది పాటు మెంటర్ కింద రెసిడెన్సీ, 135 గంటల క్లాసులు. ఇన్సూరెన్స్, బిల్డింగుల మెయింటెనెన్స్, బస్సులు, కెఫెటేరియా, యూనియన్ ఒప్పందాలు, అన్నీ అందులోనే. అది పూర్తయితే స్టాండర్డ్, అంటే శాశ్వత సర్టిఫికెట్.

నిజం చెప్పాలంటే మిగతా కాగితాలన్నీ కలిపి నేర్పనిది ఆ ఒక్క ఏడాది నేర్పింది. సీపీఏని కదా, లెక్కలు నాకు కొత్తేంటి అనుకుని వెళ్లాను. మొదటి వారంలోనే ఒక టీచర్ నేరుగా కాగితం, మార్కర్లు తెప్పించేసుకుని బిల్లు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. బడ్జెట్‌లో డబ్బుంది, సరుకు వచ్చింది, చెక్కు రాసేస్తే పోయేది కదా అనుకున్నా. మా మెంటర్ బిల్లు మీద తేదీ చూపించి, పర్చేజ్ ఆర్డర్ ఏదీ అన్నారు. ఆర్డర్ కాగితం లేకుండా ముందే కొనేస్తే దాన్ని కన్ఫర్మింగ్ ఆర్డర్ అంటారు, ఆడిటర్ పట్టుకుంటే ఫైండింగ్, అంటే ఇక్కడ తప్పు జరిగిందని రిపోర్టులో రాస్తాడు. పైగా అదే మార్కర్ల ఖర్చు మామూలు క్లాసుదైతే 11-190-100-610 అనే అకౌంట్‌లో పడాలి, టైటిల్ వన్ (పేద పిల్లల చదువు కోసం ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే) డబ్బుతో కొన్నదైతే 20తో మొదలయ్యే వేరే అకౌంట్‌లో పడాలి. ఒక జేబులో డబ్బు ఇంకో జేబులోకి మార్చడానికి వీల్లేదు. కంపెనీలో లాభం ఎంత అని చూస్తాం, ఇక్కడ ఈ రూపాయి... అదే, ఈ డాలర్ ఎవరిచ్చారు, దేనికిచ్చారు అని చూస్తాం. పద్నాలుగేళ్ల అలవాటు మానుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

ఇంత తతంగం ఎందుకని విసుక్కునేవాళ్లకి న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని రోస్లిన్ డిస్ట్రిక్ట్ కథ చెప్తుంటా. అక్కడ సుమారు 1.1 కోట్ల డాలర్లు మింగేశారని 2005లో స్టేట్ కంప్ట్రోలర్ ఆడిట్ తేల్చింది. డిస్ట్రిక్ట్‌ని నడిపే సూపరింటెండెంట్‌తో పాటు బిజినెస్ చూసే అసిస్టెంట్ సూపరింటెండెంట్ కూడా జైలుకి వెళ్లారు. సర్టిఫికెట్ ఉంటే దొంగతనం ఆగుతుందని నేననను. తర్వాత న్యూయార్క్ కూడా ఇంటర్నల్ ఆడిట్, ఆడిట్ కమిటీ, బోర్డు సభ్యులకి ఫైనాన్స్ ట్రైనింగ్ లాంటివే తెచ్చింది. ఆ కుర్చీలో ఉన్నవాళ్లని పక్కన ఇంకో కన్ను చూస్తూ ఉండాలి, నన్ను కూడా.

ఇంకొక్క మాట, తొందరపడేవాళ్ల కోసం. ఎలిజిబిలిటీ చేతికొచ్చాక నాకు ఆఫర్ రావడానికి ఏడు నెలలు పట్టింది. ఇక్కడ ఫైనాన్షియల్ ఇయర్ జులై 1న మొదలవుతుంది కాబట్టి చాలా ఖాళీలు వసంతంలోనే బయటికొస్తాయి. ఈలోపు పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.